పర్మాంగనేట్‌కు మూడు తుల్యాంక భారాలు ఎందుకు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఈమధ్యే పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరాను. 0.1 నార్మల్ పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం లీటరు తయారు చెయ్యమంటే, అణుభారం 158 కదా అని 15.8 గ్రాములు తూచాను. సీనియర్ గారు అందరి ముందూ కేకలేశారు. తీరా చూస్తే మెథడ్ కాగితంలో 0.1 నార్మల్ అని లేదు, 0.02 మోలార్ అని ఉంది. పాత పుస్తకం తీస్తే పర్మాంగనేట్ తుల్యాంక భారం 31.6, 52.67, 158 అని మూడు రాసి ఉన్నాయి. సోడియం కార్బొనేట్‌కు 53, 106 అని రెండు. ఒకే పదార్థానికి ఇన్ని ఎలా ఉంటాయి? ఏది కరెక్ట్? నార్మాలిటీ వదిలేసి మోల్స్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోదా? వచ్చే నెల ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. అదే టెన్షన్.

సమాధానం: ముందుగా ఒక మాట చెప్పాలమ్మా. మీరు తూచింది తప్పే, కానీ ఆ తప్పు మీకు లెక్కలు రాక జరిగింది కాదు. తుల్యాంక భారాన్ని మనకు బడిలో పట్టికలాగా ఇచ్చి బట్టీ పట్టమంటారు. ఆ పట్టికలో పదార్థం పేరు ఉంటుంది, దాని పక్కన అంకె ఉంటుంది. అది ఏ చర్య కోసం వేసిన అంకె అన్నది మాత్రం ఉండదు. అసలు విషయం ఆ లేని గడిలోనే ఉంది. నాకు ఆ పట్టికలంటే మొదటి నుంచీ కోపం.

మీరు అడిగిన మూడు అంకెలూ కరెక్టే. అణుభారం పదార్థానిది. తుల్యాంక భారం ఆ పదార్థం పాల్గొంటున్న చర్యది: ఆ చర్యలో ఒక్కో అణువు ఇచ్చిపుచ్చుకునే ఎలక్ట్రాన్ల (లేదా హైడ్రోజన్ అయాన్ల) సంఖ్యతో అణుభారాన్ని భాగిస్తే వచ్చేది. లీటరు ద్రావణంలో అణుభారమంత గ్రాములు, అంటే ఒక మోల్, ఉంటే 1 మోలార్. తుల్యాంక భారమంత గ్రాములు, అంటే ఒక తుల్యాంకం, ఉంటే 1 నార్మల్. తుల్యాంకంలో వెయ్యోవంతు మిల్లీ తుల్యాంకం. ఒకే మనిషి ఒకరికి అత్త, ఇంకొకరికి వదిన అయినట్టు, ఒకే పర్మాంగనేట్ ఎదుటి పదార్థాన్ని బట్టి, మాధ్యమాన్ని బట్టి వేరువేరు తుల్యాంక భారాలతో కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా 'పర్మాంగనేట్ తుల్యాంక భారం ఎంత?' అని అడిగితే, మీరు వెంటనే అంకె చెప్పకండి. 'ఏ చర్యలో?' అని తిరిగి అడగండి. ఇంటర్వ్యూలో అడిగినా సరే, ఇలాగే అడగండి. రసాయనశాస్త్రం తెలిసినవాళ్లెవరూ దానికి నొచ్చుకోరు.

ఇప్పుడు పర్మాంగనేట్ సంగతి చూద్దాం. అందులో మాంగనీస్ ఆక్సీకరణ స్థితి ప్లస్ 7. సల్ఫ్యూరిక్ ఆమ్లం సరిపడా ఉన్న ద్రావణంలో అది ప్లస్ 2 దాకా దిగుతుంది, అంటే ఒక్కో అణువు 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. 158ని 5తో భాగిస్తే 31.6. ఆమ్లం లేని తటస్థ ద్రావణంలోనూ, కొద్దిపాటి క్షారంలోనూ అంత దూరం దిగలేదు. ప్లస్ 4 దగ్గర, మాంగనీస్ డయాక్సైడ్‌గా ఆగిపోతుంది. అక్కడ తీసుకున్నవి 3 ఎలక్ట్రాన్లే కాబట్టి 52.67. బాగా గాఢమైన క్షారంలో అయితే ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఆకుపచ్చ మాంగనేట్‌గా మారి నిలబడుతుంది, అప్పుడు 158. కొన్ని పుస్తకాల్లో 'క్షార మాధ్యమంలో 158' అని, మరికొన్నింట్లో 'క్షార మాధ్యమంలో 52.67' అని ఉండి పిల్లలు తల పట్టుకుంటారు. క్షారం ఎంత గాఢమో చెప్పకపోవడం వల్ల వచ్చిన తికమక అది. కొద్దిపాటి క్షారంలో 3, గాఢ క్షారంలో 1 అని గుర్తుంచుకోండి.

ఇది కాగితం మీది విషయం మాత్రమే కాదు, మీ కోనికల్ ఫ్లాస్కులో కంటికి కనిపిస్తుంది. సోడియం ఆగ్జలేట్‌తో పర్మాంగనేట్‌ను స్టాండర్డైజ్ చేసేటప్పుడు, అంటే దాని అసలు బలం తేల్చేటప్పుడు, ఆమ్లం తక్కువ పోసినా, బ్యూరెట్‌ను గబగబా వదిలినా, ద్రావణం గులాబీ రంగుకు రాకుండా గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ గోధుమరంగు మడ్డి మాంగనీస్ డయాక్సైడ్. అంటే మీరు పోసిన పర్మాంగనేట్‌లో కొంత 5 ఎలక్ట్రాన్లకు బదులు 3 మాత్రమే తీసుకుని ఆగిపోయింది. మీరు 31.6 అనుకుని లెక్క కడుతుంటే, ఫ్లాస్కులో కొంత భాగం 52.67గా పనిచేస్తోంది. బ్యూరెట్ రీడింగ్ పెరుగుతుంది, నార్మాలిటీ తక్కువగా తేలుతుంది. ఆ రీడింగ్‌ను సర్దడానికి ప్రయత్నించకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. ద్రావణాన్ని సుమారు 70 డిగ్రీలకు వేడి చెయ్యమనేది కూడా ఇందుకే. ఆగ్జలేట్‌తో ఈ చర్య మొదట్లో చాలా మందకొడిగా సాగుతుంది. కొంచెం మాంగనస్ అయాన్ తయారయ్యాక అదే ఉత్ప్రేరకంగా పనిచేసి వేగం అందుకుంటుంది. కాబట్టి తొలి చుక్కల రంగు పోయేదాకా ఓపిక పట్టాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వాడరంటే, పర్మాంగనేట్ అందులోని క్లోరైడ్‌ను కూడా క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుంది, రీడింగ్ పెరిగిపోతుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి కాబట్టి దాన్నీ వాడం. ఈ రెండూ ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్నలు.

ఇక మీ 15.8 గ్రాముల సంగతి. మీరు తయారు చేసింది 0.1 మోలార్ ద్రావణం. ఆమ్ల మాధ్యమంలో దాని నార్మాలిటీ 0.5, అంటే కావలసినదానికి ఐదు రెట్లు. 0.1 నార్మల్ కావాలంటే 31.6లో పదోవంతు, 3.16 గ్రాములు. దాన్నే అణుభారంతో భాగిస్తే 0.02 మోలార్. అంటే మీ సీనియర్ గారు చెప్పిన 0.1 నార్మల్, మెథడ్ కాగితంలోని 0.02 మోలార్ ఒకే సీసా. మన ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణ గ్రంథం) మోలారిటీలో రాస్తుంది, అమెరికా ఫార్మకోపియా పర్మాంగనేట్‌ను పాత పద్ధతిలో నార్మాలిటీలో రాస్తుంది. రెండు దేశాలకూ మందులు పంపే కంపెనీల్లో ఈ రెండు భాషలూ ఒకే అలమరాలో కలిసి ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు అక్కడే దెబ్బతింటారు. ఈ తేడాను చేరిన మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత ల్యాబ్‌దేనని నేను గట్టిగా నమ్ముతాను.

తూచేటప్పుడు 3.16 కాకుండా 3.2 గానీ 3.3 గానీ తీసుకోమని ఉంటుంది, దానికి కంగారుపడకండి. నీటిలో ఉండే కాస్తంత సేంద్రియ పదార్థం కొంత పర్మాంగనేట్‌ను తినేస్తుంది. అందుకే ద్రావణాన్ని పావుగంట మరిగించి, కనీసం రెండు రోజులు కదపకుండా ఉంచి, ఆ తర్వాత సింటర్డ్ గ్లాస్ ఫిల్టర్‌లో వడకడతారు. ఫిల్టర్ కాగితం వాడితే ఆ కాగితమే పర్మాంగనేట్‌ను క్షయకరిస్తుంది. ఆ తర్వాత ఆగ్జలేట్‌తో అసలు బలం కనుక్కోవాలి. సోడియం ఆగ్జలేట్ అణుభారం 134. ఇచ్చే ఎలక్ట్రాన్లు 2, కాబట్టి తుల్యాంక భారం 67. మీరు 201 మిల్లీగ్రాములు తూచారనుకోండి, బ్యూరెట్ రీడింగ్ 29.6 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి. 201ని 67తో భాగిస్తే 3 మిల్లీ తుల్యాంకాలు. దాన్ని 29.6తో భాగిస్తే 0.1014 నార్మల్. ఐదుతో భాగిస్తే 0.0203 మోలార్. అంతే.

రెండు దారుల్లో వెళ్లినా ఫలితం ఒకటేనని మీకు మీరే నిర్ధారించుకోవాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ పరీక్ష తీసుకోండి. మోల్స్ దారిలో అయితే సమీకరణం కావాలి: 2 మోల్స్ పర్మాంగనేట్‌కు 5 మోల్స్ పెరాక్సైడ్. 0.02 మోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరులో 0.02 మిల్లీమోల్స్ ఉంటాయి. దాన్ని ఐదు బై రెండుతో హెచ్చిస్తే 0.05, దాన్ని 34.01తో హెచ్చిస్తే 1.701 మిల్లీగ్రాములు. తుల్యాంకాల దారిలో అయితే పెరాక్సైడ్ ఇచ్చేది 2 ఎలక్ట్రాన్లు, తుల్యాంక భారం 17.01. 0.1 నార్మల్ ద్రావణం ఒక మిల్లీలీటరుకు 0.1 మిల్లీ తుల్యాంకం, అంటే 1.701 మిల్లీగ్రాములు. అదే జవాబు ఒక్క గుణకారంలో వచ్చేసింది. ఫార్మకోపియాలో ఒక్కో మందుకూ ఉండే మోనోగ్రాఫ్ చివర 'ప్రతి మిల్లీలీటరూ ఇన్ని మిల్లీగ్రాములకు సమానం' అని కనిపించే అంకె ఇలా వచ్చిందే. ఇకపై ఆ అంకె చూసినప్పుడల్లా ఒకసారి చేత్తో కట్టి చూడండి. వారం తిరిగేసరికి ఈ భయం పోతుంది.

నార్మాలిటీలో నిజమైన ప్రమాదం ఒకటుంది. '0.1 నార్మల్ పర్మాంగనేట్' అని చీటీ అంటించిన సీసా ఆమ్ల మాధ్యమంలో వాడితేనే 0.1 నార్మల్. అదే సీసాను తటస్థ ద్రావణంలో వాడితే 0.02ని 3తో హెచ్చించాలి, 0.06 నార్మల్ మాత్రమే అవుతుంది. గాఢ క్షారంలో అయితే 0.02. సీసాలో ఏమీ మారలేదు, చీటీ మాత్రం అబద్ధమైపోయింది. మోలారిటీకి ఈ జబ్బు లేదు. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం నార్మాలిటీని ప్రోత్సహించకపోవడానికీ, ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో మోల్‌కు పెద్దపీట వెయ్యడానికీ ఇదే ముఖ్య కారణం. మీరు తయారు చేసే ప్రతి సీసా మీదా రెండూ రాయండి: '0.02 మోలార్, ఆమ్ల మాధ్యమంలో 0.1 నార్మల్'. మీ ల్యాబ్ పద్ధతి చీటీ మీద ఒక్కటే రాయనిస్తే రెండోది మీ నోట్‌బుక్‌లోనైనా ఉండాలి.

సోడియం థయోసల్ఫేట్ దగ్గర ఇంకా పెద్ద తేడా వస్తుంది. అయోడిన్‌తో చర్యలో దాని ఒక్కో అణువు ఒక్క ఎలక్ట్రాన్ ఇస్తుంది, కాబట్టి ఐదు నీటి అణువులున్న స్ఫటికానికి తుల్యాంక భారం అణుభారమే, 248. అదే థయోసల్ఫేట్ ధారాళంగా ఉన్న క్లోరిన్‌తో కలిస్తే ఏకంగా సల్ఫేట్ దాకా వెళ్లిపోతుంది. అప్పుడు 8 ఎలక్ట్రాన్లు, తుల్యాంక భారం 31. పట్టికలో 248 ఒక్కటే బట్టీ పట్టినవాళ్లకు రెండోది ఎప్పటికీ తట్టదు.

ఆమ్లాలు, క్షారాల దగ్గర ఎలక్ట్రాన్లకు బదులు హైడ్రోజన్ అయాన్లు లెక్కపెడతాం. హైడ్రోక్లోరిక్ 36.5, సల్ఫ్యూరిక్ 49, సోడియం హైడ్రాక్సైడ్ 40, కాల్షియం హైడ్రాక్సైడ్ 37, వీటిలో గొడవేమీ లేదు. మీరడిగిన సోడియం కార్బొనేట్‌ది మాత్రం సూచిక, అంటే రంగు మారి ముగింపు చూపించే పదార్థం, చేసే తేడా. మిథైల్ ఆరెంజ్ రంగు మారేసరికి కార్బొనేట్ రెండు హైడ్రోజన్ అయాన్లు తీసుకుని పూర్తిగా కార్బోనిక్ ఆమ్లమైపోతుంది, 106లో సగం 53. ఫినాఫ్తలీన్ రంగు పోయేది బైకార్బొనేట్ అయ్యే చోటే. అక్కడ తీసుకున్నది ఒక్కటి, కాబట్టి 106.

ఫాస్ఫారిక్ ఆమ్లం గురించి కూడా అడుగుతారు, జాగ్రత్త. పుస్తకం 98ని మూడుతో భాగించి 32.67 అంటుంది. మూడు హైడ్రోజన్లూ పోయి ట్రైసోడియం ఫాస్ఫేట్ తయారయ్యే చర్యకు అది నిజమే. కానీ బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ పోసుకుని మామూలుగా టైట్రేట్ చేస్తే మూడో హైడ్రోజన్‌ను పట్టుకోలేం, అది చాలా బలహీనమైనది. మిథైల్ ఆరెంజ్ దగ్గర ఒకటి పోతుంది, 98. ఫినాఫ్తలీన్ వంటి సూచిక దగ్గర రెండు పోతాయి, 49. టైట్రేషన్ లెక్కలో 32.67 వేస్తే తప్పు ఫలితం వస్తుంది. ఇక ఫాస్ఫరస్ ఆమ్లంలో కూడా హైడ్రోజన్లు మూడే, అణుభారం 82. అయితే అందులో ఒక హైడ్రోజన్ ఆక్సిజన్‌కు కాకుండా నేరుగా ఫాస్ఫరస్‌కు అతుక్కుని ఉంటుంది, అది ఆమ్ల హైడ్రోజన్‌గా బయటికి రాదు. కాబట్టి రెండే లెక్క, తుల్యాంక భారం 41. ఫార్ములాలో హైడ్రోజన్లు లెక్కపెట్టడం కాదు, చర్యలో ఎన్ని బయటికి వచ్చాయో చూడాలన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

సమ్మేళనాలే కాదు, మూలకాలదీ ఇదే కథ. 1 భాగం హైడ్రోజన్‌ను, 8 భాగాల ఆక్సిజన్‌ను, లేదా 35.5 భాగాల క్లోరిన్‌ను స్థానభ్రంశం చేసే, లేదా వాటితో కలిసే బరువే మూలకం తుల్యాంక భారం అని నిర్వచనం. మెగ్నీషియం రిబ్బన్ 0.12 గ్రాములు ఆమ్లంలో వేస్తే ప్రమాణ పరిస్థితుల్లో 112 మిల్లీలీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ఆ హైడ్రోజన్ బరువు 0.01 గ్రాము, కాబట్టి మెగ్నీషియం తుల్యాంక భారం 12. సోడియం 23, అల్యూమినియం 9. ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఫెర్రస్ లవణాల్లో 28, ఫెర్రిక్ లవణాల్లో 18.67. రాగికీ రెండు. పరమాణు భారాన్ని సంయోజకతతో భాగించడమే ఇక్కడి సూత్రం. సంయోజకత మారితే తుల్యాంక భారమూ మారుతుంది.

ఈ భావన ఎంత పాతదో తెలిస్తే దీని మీద మీకు గౌరవం పెరుగుతుంది. జర్మనీకి చెందిన రసాయనశాస్త్రవేత్త రిక్టర్ 1792 నుంచే ఎంత ఆమ్లాన్ని ఎంత క్షారం తటస్థీకరిస్తుందో కొలుస్తూ పోయాడు. అప్పటికి డాల్టన్ పరమాణు సిద్ధాంతం రాలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం, కంటికి కనబడని పరమాణువుల కంటే తక్కెడలో తూగే తుల్యాంకాలే నమ్మదగినవని చాలామంది రసాయనశాస్త్రవేత్తలు అనుకున్నారు. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, తుల్యాంక భారం తెలిసినా సంయోజకత తెలియకపోతే పరమాణు భారం తేలదు. ఆక్సిజన్ 8 అని లెక్కించి నీటి ఫార్ములాను ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్‌గా రాసుకున్న రోజులున్నాయి. 1860లో కార్ల్స్‌రూహ్‌లో జరిగిన రసాయనశాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకి చెందిన కనిజారో వాదన తర్వాతే ఈ చిక్కు విడిపోవడం మొదలైంది.

అందులో నాకు బాగా ఇష్టమైనది ఇండియం కథ. 1863లో దొరికిన ఈ లోహం తుల్యాంక భారం సుమారు 38.3. జింక్ ఖనిజాల్లో దొరికింది కాబట్టి సంయోజకత 2 అనుకుని పరమాణు భారం 76 దగ్గర వేశారు. మెండలీవ్ పట్టికలో ఆ చోట, ఆర్సెనిక్‌కూ సెలీనియానికీ మధ్య, ఖాళీ లేదు. ఆయన తుల్యాంక భారాన్ని తప్పుపట్టలేదు. సంయోజకత 2 కాదు 3 అన్నాడు. 38.3ని మూడుతో హెచ్చిస్తే సుమారు 115, కాడ్మియం, తగరం మధ్య చక్కగా కూర్చుంది. డ్యూలాంగ్, పెటిట్ 1819లో చెప్పిన నియమంతో దీన్ని మీరూ సరిచూడొచ్చు: ఘన మూలకం పరమాణు భారాన్ని విశిష్టోష్ణంతో హెచ్చిస్తే సుమారు 6.4 వస్తుంది. ఇండియం విశిష్టోష్ణం 0.057 కేలరీలు. 6.4ని దానితో భాగిస్తే సుమారు 112. దాన్ని 38.3తో భాగిస్తే మూడుకు దగ్గరగా వస్తుంది. సంయోజకత పూర్ణాంకమే కావాలి కాబట్టి 3. ఎంత అందమైన లెక్క! దీన్ని 'తుల్యాంక భారం × సంయోజకత = పరమాణు భారం' అనే ఒక్క లైనుగా కుదించి పిల్లలకు ఇవ్వడం చూస్తే బాధ కలుగుతుంది.

'మోల్స్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోదా?' అన్న మీ ప్రశ్నకు వస్తాను. మోల్ ముందు, అందులో సందేహం లేదు. సమీకరణం రాయడం వచ్చినవాళ్లకు తుల్యాంకం దానంతటదే వస్తుంది, సమీకరణం రానివాళ్లకు తుల్యాంకం గుడ్డి అంకె. కానీ వదిలెయ్యమని మాత్రం నేను చెప్పను. మీ ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్ష చేయిస్తే సోడియం 135 నుంచి 145 అని, లీటరుకు మిల్లీ తుల్యాంకాల్లో కనిపిస్తుంది. చౌడు భూముల మట్టి పరీక్షలో సోడియాన్ని 100 గ్రాముల మట్టికి ఇన్ని మిల్లీ తుల్యాంకాలని లెక్కిస్తారు. జిప్సం తుల్యాంక భారం 86 కాబట్టి, తొలగించాల్సిన ఒక్కో మిల్లీ తుల్యాంకం సోడియానికి 86 మిల్లీగ్రాముల జిప్సం కావాలి. రైతు ఎకరాకు ఎన్ని బస్తాలు వెయ్యాలన్నది అక్కడి నుంచే మొదలవుతుంది.

నీటి కాఠిన్యం లెక్క కూడా ఇదే. బోరు నీళ్లలో లీటరుకు కాల్షియం 80 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 24 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. వీటిని నేరుగా కూడితే అర్థం లేదు. 80ని 20తో భాగిస్తే 4, 24ని 12తో భాగిస్తే 2, మొత్తం 6 మిల్లీ తుల్యాంకాలు. కాల్షియం కార్బొనేట్ తుల్యాంక భారం 50 కాబట్టి 300 మిల్లీగ్రాములు. రిపోర్టులో 'కాల్షియం కార్బొనేట్‌గా 300' అని ఉన్నంతమాత్రాన నీళ్లలో అంత సున్నపురాయి ఉందని కాదు. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం 200 దాకా ఆమోదనీయం, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా అనుమతి. మీ కంపెనీ యుటిలిటీ విభాగంలో బాయిలర్ నీళ్లు చూసేవాళ్లకు ఈ లెక్క నిత్యం అవసరం.

ఇంటర్వ్యూకు ముందు మీరు చెయ్యాల్సింది ఒక్కటే. మీ ల్యాబ్‌లో వాడే వాల్యూమెట్రిక్ ద్రావణాల జాబితా తీసుకుని, ఒక్కోదానికీ చర్య సమీకరణం, మారిన ఎలక్ట్రాన్లు లేదా హైడ్రోజన్ అయాన్లు, మోలారిటీ, నార్మాలిటీ మీ చేత్తో రాయండి. పొటాషియం డైక్రోమేట్‌కు 6 ఎలక్ట్రాన్లు, 294ని ఆరుతో భాగిస్తే 49. అయోడిన్‌కు 2, అందుకే 0.05 మోలార్ అయోడిన్, 0.1 నార్మల్ అయోడిన్ ఒకటే. పర్‌క్లోరిక్ ఆమ్లానికి ఒకటే, రెండు అంకెలూ సమానం. ఎన్‌1వి1 = ఎన్‌2వి2 సూత్రం (ఒక ద్రావణం నార్మాలిటీ × ఘనపరిమాణం = రెండోదాని నార్మాలిటీ × ఘనపరిమాణం), ఆ చర్యకు లెక్కించిన నార్మాలిటీ అయితే, ఎప్పుడూ పనిచేస్తుంది. మోలారిటీతో వేసేటప్పుడు మాత్రం ఎలక్ట్రాన్ల సంఖ్య రెండు వైపులా పెట్టడం మర్చిపోకండి. కొత్తవాళ్ల లెక్కల్లో ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. జాబితాలో లోహ అయాన్లను కొలవడానికి వాడే ఈడీటీఏ దగ్గరికి వచ్చేసరికి నార్మాలిటీ గడి ఖాళీగా వదిలెయ్యండి. అది లోహ అయాన్ ఆవేశం రెండైనా మూడైనా ఒకదానికి ఒకటిగానే కలుస్తుంది కాబట్టి దాన్ని మోలారిటీలోనే రాస్తారు. ఆ గడి ఎందుకు ఖాళీ అని ఎవరైనా అడిగితే ఈ కారణమే చెప్పండి.